గ్రహం మీద వాన

"థూ!" అన్నాడు శ్రీధర్, ఫోన్ చూస్తూ.

బండి నడుపుతున్న బలరాం ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. ఇద్దరూ ఒకే ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగులు. పొద్దున చండ్రుగొండలో టిఫిన్ చేసి బయలుదేరారు. అడవిదారి పట్టాక సిగ్నల్ పోతూ వస్తూ ఉంది. వచ్చినప్పుడల్లా శ్రీధర్ ఫోన్లో తల దూర్చేస్తున్నాడు.

"ఏందిరా? పాముగీము కనవడ్డదా?"

"పొద్దుగాల చెప్పిన్రు, అప్‌డేట్ వస్తుందట. వచ్చే నెల."

"మంచిదే గద! రెండేండ్ల సంది దాని కోసమే పానం ఇడుస్తున్నవ్."

నిజమే. 'ఆర్బిట్ రాజ్యం' అనే ఆన్‌లైన్ ఆటంటే శ్రీధర్‌కు పిచ్చి. అంతరిక్షంలో ఓడ నడపాలి, దిక్కులేని గ్రహాన్ని వెతుక్కోవాలి, రాళ్లు ఏరి, మట్టి పోసి, దాన్ని బతికించుకోవాలి. మూడేళ్ల కింద అతనికి బూడిద తప్ప ఏమీ లేని గ్రహం ఒకటి దొరికింది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, ఆదివారాలన్నీ దానికే ధారపోశాడు. ఇప్పుడక్కడ నీలం రంగు పైరు ఉంది. రెండు చందమామలున్నాయి. లేనిదల్లా వానే. అసలు ఆ ఆటలోనే వాన లేదు.

కొత్త వెర్షన్‌లో గ్రహాల మీద వాన కురుస్తుందని కంపెనీ ఎప్పటినుంచో ఊరిస్తోంది. నీళ్లలో దిగే ఓడలట, కొత్త నక్షత్రాలట, ఇంకా ఏవేవో. ఇదిగో తేదీ, అదిగో తేదీ అని చెప్పడం, తర్వాత నాలుక మడతెయ్యడం. శ్రీధర్ తిట్టుకుంటూనే ఎదురుచూశాడు. తన పైరు మీద మొదటి చినుకు ఎలా పడుతుందో చూడాలని అతని కోరిక.

చివరికి వాన నిజంగానే వస్తోంది. దాని వెనకే ఇంకో ముక్క కూడా ఉంది. ఒక సీజన్ మొత్తం యజమాని అడుగుపెట్టని గ్రహాన్ని ఖాళీ కింద జమకట్టి, కొత్తగా చేరేవాళ్లకు ఇచ్చేస్తారట.

పోయిన సీజన్‌లో శ్రీధర్ ఆటలోకే పోలేదు. ఈ ఉద్యోగంలో చేరిన కొత్త. ఊళ్లు తిరగడంతోనే సరిపోయింది.

"పొద్దుగాల్నే అప్పీలు పెట్టిన నేను. మొదటి జవాబుల ఏమన్నరో తెలుసా? 'మేము చూసినప్పుడు అక్కడ ఎవరూ లేరు' అట! మూడేండ్ల కష్టం కనవడలేదట, మనిషి లేకపోవుడు ఒక్కటే కనవడ్డదట. ఛీ! ఏం బతుకురా వీళ్లది!"

"రూలంటే రూలే గద," అన్నాడు బలరాం.

శ్రీధర్ మళ్లీ ఫోన్ తెరిచాడు. ఆట గ్రూపులోనూ పొద్దున్నుంచి ఇదే పాట. నిన్నటిదాకా అన్నా అన్నా అంటూ వెంట తిరిగినవాళ్లే ఇవాళ నీతులు చెబుతున్నారు. లాగిన్ అయ్యుంటే పోయేది కదా అంటున్నారు. అతని గ్రహం ఎవరికి దక్కుతుందా అని కొందరు అప్పుడే పందేలు కాస్తున్నారు. శవాల మీద పేలాలు ఏరుకునే రకం.

బండి ఆపి కాలిబాట పట్టారు. ఇప్పచెట్లు దాటాక ఒక చేను వచ్చింది. చుట్టూ నడుమెత్తు రాతికట్టు. ఆ రాళ్లన్నీ ఆ చేన్లోంచి ఏరినవే. ఈ ఏడు మాత్రం దున్నిన జాడ లేదు, గడ్డి లేచింది.

పక్క చేన్లో కంది కోస్తున్న ఆడమనిషి కొడవలితోనే వచ్చింది. పేరు జంపక్క అని చెప్పింది.

"నాగక్క చేను ఇదేనా?" ఆఫీసువాళ్లిచ్చిన చేన్ల జాబితా చూసి అడిగాడు బలరాం.

"అవ్ సారూ. మొగనికి జెరమొచ్చి ఈ వానకాలం దున్నలే. ఇప్పుడు మిరప కోతకు కల్లూరు దిక్కు పోయిన్రు. ఉగాదికి వస్తరు. ఏం పని సారూ? సెల్ టవరుకా?"

"టవరొస్తే అందరికీ మంచిదే గదక్కా," అని నవ్వాడు బలరాం.

శ్రీధర్ నాలుగు మూలలా ఫొటోలు తీశాడు. జంపక్క సంబరంగా సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగబోతుంటే ఫోన్ టింగుమంది. కంపెనీ ఆఖరి జవాబు. అప్పీలు కొట్టేశారు.

శ్రీధర్ కళ్లు చెమర్చాయి.

"ఏమాయె బిడ్డా?" అంది జంపక్క.

ఆట సంగతి ఆమెకు ఎలా చెప్పాలో అతనికి తోచలేదు. "నా జాగ పోయిందక్కా. మూడేండ్లు రాళ్లేరి బాగుచేసుకున్న. ఒక్క పంటకాలం పోలేదని, ఖాళీ అని రాసి ఇంకెవరికో ఇస్తున్నరు."

"ఏడ? తిరుమలాయపాలెం దిక్కా?"

"ఇంకా దూరం."

జంపక్క కొడవలి కింద పెట్టి అతని పక్కనే రాతికట్టు మీద కూలబడింది. తన చేనే పోయినంత కోపం వచ్చిందామెకు.

"మనిషి పనికి పోతే భూమి ఖాళీ అయితదా? పేర్చిన రాళ్లు చూస్తే తెలువదా, ఎవరో చేసుకున్నరని? కండ్లు కాకులు పొడిచినయా వాళ్లకు? గట్ల రాసెటోళ్ల చేతులిరగ!"

పొద్దున్నుంచి తన పక్షాన మాట్లాడిన మొదటి మనిషి ఆమే. శ్రీధర్‌కు గుండె బరువు కొంచెం దిగింది.

"గట్ల చెప్పక్కా! రాసేటప్పుడు వాళ్లకు చెయ్యెట్ల ఆడుతదో, తిన్నది ఎట్ల అరుగుతదో!"

బలరాం అటు తిరిగి దగ్గాడు. "సిగ్నల్ ఉన్నప్పుడే జల్దీ కానియ్‌రా. ఇంకా శానా చేన్లున్నయి."

శ్రీధర్ నీళ్లు తాగి, సొరబుర్ర ఆమెకు తిరిగిచ్చి, కళ్లు తుడుచుకుని, ఆఫీసు యాప్ తెరిచి, 'నాగక్క: మేము చూసినప్పుడు అక్కడ ఎవరూ లేరు, భూమి ఖాళీ, స్వాధీనం చేసుకోవచ్చు' అని రాసి పంపాడు.