కూర్చోమనని చోటు

"ఏటయ్యా గోవిందరావ్, ఇప్పుడా రావడం? ఇదేటి, అత్తోరిల్లనుకున్నావా నీ ఇష్టమొచ్చినప్పుడు రాడానికి?"

ప్రేమ్ బజార్‌లో సైకిల్ షాపు జాకబ్ అరిచిన అరుపు రోడ్డవతల నిలబడ్డ గిరిబాబుకు స్పష్టంగా వినబడింది. ఆ తిట్లు తింటున్నది అతని కన్నతండ్రి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా బతుకంతా దర్జాగా చేసి, నిరుడు రిటైరైన మనిషి. ఇప్పుడు ఆ పాత ఖాకీ చొక్కాతోనే తలవంచుకుని కింద చతికిలబడి, పంక్చరైన ట్యూబు అందుకున్నాడు. ముఖం కనబడలేదు.

గిరిబాబుకు తల కొట్టేసినట్టయింది. నిన్న ట్రాఫిక్ కాలనీలో ఒకడు "మీ నాన్న పంక్చర్లేస్తన్నాడ్రా" అంటే వాణ్ణి కొట్టినంత పని చేశాడు. తీరా చూస్తే నిజమే!

ఇంట్లో ఏం తక్కువని? పింఛను శుభ్రంగా వస్తోంది. పంపు పాడైతే గిరిబాబు మనిషిని పిలిపిస్తాడు. గోవిందరావు బజారు సంచీ పట్టుకుంటే కోడలు ప్రశాంతి లాగేసుకుని, "మీరు కూర్చోండి మావయ్యా" అంటుంది. ఇంత కూర్చోబెట్టి చూసుకుంటుంటే ఈయనకిదేం పోయేకాలం! పైగా ఈమధ్య పింఛనులో కొంత ఎటు పోతోందో తెలియడం లేదు. తాగుడు మరిగాడేమోనని తల్లి పోలమ్మ ఏడుస్తోంది. పింఛను చాలక కూలికి కూడా దిగాడంటే, ఇంకేం వ్యసనం పట్టుకుందో!

గిరిబాబు విసవిసా రోడ్డు దాటాడు.

"నాన్నా, లే. ఇంటికి పద."

గోవిందరావు చేతిలోంచి ట్యూబు జారిపోయింది. "అరవకురా బాబూ. ఈ పని అవ్వనీ, వొస్తాను."

"ఏటి తక్కువ సేసినాం నీకు? డబ్బులు కావాలంటే నన్నడగొచ్చు గదా?"

"కూకుని తింటే కొండలే కరిగిపోతాయంటారు. మనిసిని, నేనెంతరా?" ముసలాయన జారిన ట్యూబు తీసి పక్కన పెట్టాడు. "పొద్దున్న లేస్తే ఎందుకు లేసినానో తెల్డం నేదు ఆ ఇంట్లో. ఈ ఒక్కటీ మానమనకురా. నీకు దండవెడతాను."

నిజంగానే చేతులు జోడించాడు. తండ్రి ఎవరికీ దండం పెట్టగా గిరిబాబు చూడలేదు. ఏడుపొచ్చినంత పనైంది. అంతలోనే జాకబ్ కసిరాడు.

"కబుర్లు సాలు గోవిందరావ్. ఎల్లి టీ పట్రా."

గోవిందరావు కళ్లు తుడుచుకుని గబగబా టీ కొట్టు వైపు నడిచాడు. ఇక గిరిబాబు ఆగలేకపోయాడు. జాకబ్ కాలరు పట్టుకున్నాడు.

"నీ తండ్రి వయసు మనిసిని పేరెట్టి పిలిసి, టీకి పంపుతావేట్రా?"

"అలగే పిలవమన్నాడు బాబూ. ఆలీసమైతే తిట్టమనీ ఆయనే సెప్పినాడు."

"నాటకాలాడకు! నెలకెంతిస్తన్నావు? దానికి రెట్టింపు నేనిస్తాను. రేపట్నించి ఆయన్ని రానీకు."

"నేనేటీ ఇవ్వడం నేదు బాబూ."

"ఓరి దుర్మార్గుడా! ముసలాయన సేత ఊరికే సాకిరీ సేయించుకుంటన్నావా?"

జాకబ్ టీ కొట్టు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నేనొద్దన్నా వినడు బాబూ. నెలనెలా ఆయనే నాకిస్తన్నాడు."