గళ్ళ చొక్కా

టైలరు పారేసే ముక్కలతో లోవలక్ష్మి బొమ్మలు కుడుతుంది. తట్టతో చేపలమ్మే ఆవిడ, వల బాగుచేసుకునే తాత, ఉప్పాడ వీధిలో ఎవరు కనిపిస్తే వాళ్ళు. మొగుడు వీరబాబు బొమ్మ మాత్రం ఎప్పుడూ కుట్టలేదు.

వేటకెళ్ళిన పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. వీరబాబు రాలేదు, శవమూ దొరకలేదు. ఏళ్ళు గడిచినా అత్త రోజూ పొద్దున్నే తన చేత్తోనే కోడలికి బొట్టు పెడుతుంది. పుట్టింటికి వెళ్ళిపోతానంటే, "వాడొచ్చి నువ్వేదని అడిగితే ఏం చెప్పనే?" అంటుంది. పెట్టెలో ఉన్న అతని చొక్కాలు ముట్టుకోనివ్వదు.

ఇవాళ ఆ పెట్టె అత్తే తెరిచింది. గళ్ళ చొక్కా తెచ్చి లోవలక్ష్మి ఒళ్ళో పెట్టింది.

"దీంతో వాడి బొమ్మ కుట్టు. మనిషంత ఉండాలి."

లోవలక్ష్మి చొక్కా మడత విప్పి చూసింది. ఇక రోజూ ఆ బొమ్మకి కూడా అన్నం వడ్డించాలి కాబోలు.

"ఎక్కడ కూర్చోబెడతావత్తా?"

"కూర్చోబెట్టడానికి కాదే. శవం దొరక్కపోతే బొమ్మనే పాడె మీద పడుకోబెట్టి కొరివి పెట్టాలంట. పంతులుగారు చెప్పారు."

లోవలక్ష్మి సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. అత్త తీసుకుని ఎక్కించి ఇచ్చింది.

"కళ్ళు మూసినట్టు కుట్టవే. తెరిచుంటే నిన్ను పంపలేను."