జడుపు తాయెత్తు

"పిల్ల జడుసుకుద్ది. ఇయ్యాల గడప దాటమాక," అని అత్త పీరాంబీ పొద్దున్నే చెప్పింది.

షబ్నం తలూపింది. సాయంత్రం అత్త నమాజుకు చాప పరవగానే బిడ్డను భుజాన వేసుకుని వెనక గుమ్మంలోంచి బయటపడింది.

కారంపూడి శివారులో దర్గా ఉరుసు. గంధం ఎక్కించడం అయిపోయింది. ఇక బాణాసంచా కాల్చాలి. మైదానం చుట్టూ తాడు కట్టారు. తాడు ఇవతల జీళ్ళ బండ్లు, బూరల వాళ్ళు, ట్రాక్టర్ల మీద నిలబడ్డ పక్క ఊళ్ళ జనం.

బిడ్డ నిఖత్‌కు అయిదో నెల. తల్లి భుజం మీద ఆదమరిచి నిద్రపోతోంది.

"ఏమే షబ్నం! చంటిదాన్ని ఈడికి తెచ్చావేందే?" పక్కింటి సీతారావమ్మ జనంలోంచి చెయ్యి పట్టుకుంది. "మీ అత్తకు తెలుసా?"

"తెలీదు పిన్నీ. చెప్పమాక."

"చెవుల్లో దూదన్నా పెట్టావా?"

"మర్చిపోయా."

"తాయెత్తేదే? మెడ బోసిగా ఉంది!"

పిల్ల పుట్టిన వారానికే పీరాంబీ ఈ దర్గాలోనే జడుపు తాయెత్తు కట్టించింది. అది ఉన్న బిడ్డ ఉరుముకూ పిడుక్కూ జడుసుకోదని ఊళ్ళో నమ్మకం.

"నీళ్ళు పోసేటప్పుడు తీశా," అంది షబ్నం. చున్నీ లాగి బిడ్డ కళ్ళ మీద మందంగా కప్పింది.

"పొగ తగలకుండా అదన్నా చేశావ్," అని సీతారావమ్మ విసుక్కుంది.

మొదటి జువ్వ లేచింది. ఆకాశంలో ఎర్రగా, పచ్చగా విచ్చుకుంది. షబ్నం కళ్ళెత్తి చూడలేదు. చున్నీ అంచు పక్కకు జరిపి బిడ్డ ముఖం చూసింది. నిద్ర చెదరలేదు.

"ఏందిరా ఇది? చప్పుడేదిరా?" ట్రాక్టర్ మీంచి ఎవడో అరిచాడు. "రంగులైతే మా టీవీలో కూడా కనపడతయ్!"

"నిరుడు ఆఖరి అవుటు మోతకి మా ఇంటి రేకులు గడగడలాడినయ్. అదీ ఉరుసంటే!" ఇంకొకడు అందుకున్నాడు.

బాణాసంచా కాల్చడానికి దుర్గి నుంచి వచ్చిన సత్తార్ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ముందు రోజు వానకు మందు చెమ్మగిల్లింది. కొన్ని సగం దూరం లేచి తుస్సుమన్నాయి. కొన్ని లేవనే లేదు. జనం ఈలలు వేశారు. కొందరు లేచి చెప్పులు వెతుక్కున్నారు.

షబ్నం ఒక్కో జువ్వకూ తాడు దగ్గరికి ఒక్కో అడుగు జరుగుతూ వచ్చింది.

"నీ కూతురు బంగారమే!" వెనకే వచ్చిన సీతారావమ్మ బిడ్డ వీపు నిమిరింది. "మొన్న మా ఇంట్లో ఇత్తడి బిందె దొర్లినా కన్ను తెరవలా. ఎంత బుద్ధిమంతురాలే! మా మనవడైతే గుక్కపట్టేవాడు."

షబ్నం చున్నీ కింద బిడ్డ చెవి తడిమింది.

మైకు గరగరమంది. "ఆఖరిది. పెద్ద అవుటు. చంటిపిల్లల తల్లులు ఎనక్కి జరగండమ్మా! ఎనక్కి!"

ఆడవాళ్ళంతా పిల్లల చెవులు మూస్తూ వెనక్కి పోయారు. సీతారావమ్మ కూడా పోయింది. షబ్నం మాత్రం తాడుకు ఆనుకుని నిలబడింది.

"షబ్నం!"

భర్త అక్రం. మెకానిక్ షెడ్డు నుంచి నేరుగా పరిగెత్తుకొచ్చాడు. చేతుల నిండా గ్రీసు.

"నీకేమన్నా పిచ్చా? అమ్మ ఇంట్లో గుండెలు బాదుకుంటాంది! పిల్లనిట్టియ్యి!"

"ఈ ఒక్కటి కానియ్యి. కాళ్ళు పట్టుకుంటా."

"సంబరం చూసేదానికి పిల్లే దొరికిందా?"

అతను బిడ్డ చెవి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. షబ్నం ఆ చేతిని విసిరికొట్టింది. పెళ్ళయ్యాక అతని మీద ఆమె చెయ్యి లేవడం అదే మొదలు. అక్రం ఒక అడుగు వెనక్కి వేశాడు.

సత్తార్ ఒత్తి అంటించి పరిగెత్తాడు. నేలలో పాతిన ఇనుప గొట్టం నుంచి సన్నగా పొగ లేచింది. తరవాత అదీ ఆగింది.

"ఇదీ తుస్సేరా!" జనం గొల్లుమన్నారు.

"యా అల్లా," అంది షబ్నం. బిడ్డను ఒంటికి హత్తుకుని, తన ఒళ్ళు కదలకుండా ఊపిరి బిగబట్టింది.

భూమి బద్దలైనట్టు పేలింది.

జనం ఉన్నచోటనే కూలబడ్డారు. కుక్కలు పొలాలకు అడ్డం పడి పారిపోయాయి. అక్రం తన చెవులు తానే మూసుకున్నాడు. షబ్నం మాత్రం రాతిబొమ్మలా నిలబడింది.

చున్నీ కింద చిన్న పిడికిళ్ళు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. నిఖత్ ఉలిక్కిపడి, గుక్కపట్టి, ఊరంతా వినపడేట్టు ఏడ్చింది.

"జడుసుకుంది! చూశావా, పిల్ల జడుసుకుంది!" అక్రం గొంతు చించుకున్నాడు.

షబ్నం తాడు పట్టుకుని నేల మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు.

"అవును, జడుసుకుంది," అంది షబ్నం, బిడ్డ చెవిని ముద్దు పెట్టుకుంటూ, "మన పిల్లకు వినపడుద్ది."