ఊడని స్క్రూలు

“గిది ఊడదని రాసిస్తవా సేటూ?” అంది లింగమ్మ, స్క్రూ మొనను వేలితో నొక్కి చూస్తూ. ఆ వేలికి పాత చీర పేలిక చుట్టి ఉంది.

శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద హార్డ్‌వేర్ దుకాణం నడిపే భాస్కరరావు నవ్వాడు. “స్క్రూకి హామీ ఎవరిస్తారమ్మా? ఈ నల్లవి చవక. ఎయిర్‌పోర్టు పక్కన కడుతున్న హోటళ్లన్నిటికీ ఇవే పోతున్నాయి. పిడికెడు తీసుకోండి.”

“గవి సీలింగు అట్టలకు సేటూ, తలుపులకు గాదు,” అన్నాడు రాజయ్య. అతను తొండుపల్లిలో లింగమ్మ వాళ్ల వెనక వీధి వడ్రంగి. చేస్తున్న పని మానిపించి మరీ ఆమె అతన్ని వెంట తెచ్చుకుంది. “గట్టిగ గుంజితె మెడ కాడ పటుక్కున ఇరుగుతయి.”

“మరి ఇత్తడివో?” అంది లింగమ్మ.

“మెత్తగుంటయక్కా. చూడనీకె సోకు, అంతే.”

లింగమ్మ బయటి ఎండను చూసింది. అది అప్పుడే ఎదుటి గోడ సగానికి ఎక్కింది. పొద్దు గూకేలోగా తలుపుకు గడియ పడాలి. ఇరవై రోజుల్లో మూడుసార్లు ఊడింది.

“జర జల్ది చెప్పు. మొన్న నువ్వు పెట్టినవి మూడొద్దులన్న ఆగకపాయె.”

“సస్తా గావాలన్నది నువ్వే గదా. ముప్పావించు స్క్రూలు ఎన్ని దినాలు ఆగుతయి?”

“పొడవొక్కటే కాదు తప్పు,” భాస్కరరావు కల్పించుకున్నాడు. “మీవాళ్లు స్క్రూని మేకులా సుత్తితో కొట్టేసి, చివర రెండు తిప్పులు తిప్పి వదిలేస్తారు. అలా కొడితే మర చెక్కని పట్టుకోదు, చీలుస్తుంది.”

రాజయ్య చెవి గోక్కున్నాడు.

“ఇంతకీ ఎవరమ్మా లాగేస్తున్నది? దొంగలా?”

“ఏమని చెప్పాలె సేటూ, ఎవల పేరని చెప్పాలె?”

“ఏమైనా పోయిందా?”

“పోయింది. కొత్తూరు రోడ్డు మీద దొరికింది. ఎవలో లారీ ఆయన చూసి తెచ్చి అప్పజెప్పిండట.”

“అదృష్టవంతులు.”

“ఒక్కతీర్గ ఎప్పటికీ దొరుకుతదా? మా ఆయన పక్షవాతమొచ్చి మంచం దిగడు. ఆ రాత్రి నీళ్లు నీళ్లని తెల్లారేదాక అరిసిండట. మల్ల గడియ ఊడితె ఆయనకు దిక్కెవరు?”

“పోలీసులకి చెప్పలేకపోయారా?”

“వాళ్లేం జేస్తరు? పైలంగ ఉండమని గదమాయిస్తరు. నువ్వు స్క్రూ జూపియ్యి.”

భాస్కరరావు నవ్వు ఆపేసి కౌంటరు కిందినుంచి రెండు డబ్బాలు తీశాడు. “తలుపు మందమెంత?”

“ఇంచున్నర,” అన్నాడు రాజయ్య.

“అయితే తలుపుకి ఇంచుంపావువి, దర్వాజా చట్రానికి రెండించులవి. జింకు పూత ఉంది, తుప్పు పట్టవు. స్టీలువి ఇంకా మంచివే కానీ, వాన తగలని తలుపుకి అంత ధర దండగ. ముందు సన్నగా బెజ్జం చెయ్యి రాజయ్యా, పాత బెజ్జాల జోలికి పోకు. ఏనుగొచ్చి లాగినా కదలదు.”

“ఏనుగంత బలం ఏడిది? బలం లేదు గని, మొండి.”

“అంటే తెలిసినవాళ్లేనన్నమాట!” భాస్కరరావు మళ్లీ నవ్వాడు. రాజయ్య నవ్వలేదు.

“ఎన్ని పైసలన్నవ్?” అంది లింగమ్మ. ఆయన చెప్పాడు. సంచి ముడి విప్పుతూ మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ చెప్పాడు.

ఇంటి దగ్గర రాజయ్య తలుపు బయటివైపు బెజ్జాలు చేసి, మరలకు సబ్బు రాసి, ఒక్కో స్క్రూనూ ఓపిగ్గా తిప్పాడు. సుత్తి సంచిలోంచి తీయనే లేదు. ఇంటి మీదుగా విమానం దిగుతుంటే దర్వాజా సన్నగా అదిరింది. స్క్రూలు అదరలేదు.

మంచంలోంచి సత్తయ్య అన్నాడు, “పాత తలుపును తూట్లు తూట్లు జేస్తున్నరు గదనే. పొయ్యేది ఎట్లైన పోతది. ఎన్నని బిగిస్తవు?”

“పోనియ్యను,” లింగమ్మ గొంతు పెంచింది. “పానమున్నదాక పోనియ్య.”

లోపల నిలబడి, గడియ పెట్టించి, తలుపును రెండు చేతులా పట్టి గుంజింది. కాళ్లు జారేదాకా గుంజింది. గడియ కదల్లేదు.

“ఇంకొక్క చుట్టు తిప్పరాదు రాజయ్యా.”

“ఇంకొక్క చుట్టు తిప్పితె చెక్క తెగుతదక్కా. ఇగ ఊకో.”

అతను వెళ్లాక ఆమె రెండు చెంబుల నీళ్లు తెచ్చి, సత్తయ్య ఎడమ చేతికి అందేలా పెట్టింది. దుప్పటి సర్దింది. పెట్టినవి మరిచి మరో చెంబు తేబోతే, ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆమె మంచం అంచున కూర్చుంది. పొద్దు గూకింది. పక్కింటి పోచమ్మ పాలు పిండడం ముగించి వచ్చి అరుగెక్కింది.

లింగమ్మ లేచి, లోపలినుంచి తలుపు దగ్గరికి వేస్తూ, సందులోంచి మెల్లగా చెప్పింది.

“రాత్రి నేనెంత గుంజినా గడియ తియ్యకు పోచమ్మా.”