వంద లెక్కపెట్టేదాకా

పాప బడి గుమ్మంలో చతికిలబడి బూటు బక్కిలుతో కుస్తీ పడుతోంది. నాలుగున్నరేళ్ళది. కళ్ళనిండా నీళ్ళు.

పక్కనే బల్లమీద చెప్పుల తాత. పిల్లల చెప్పులు సర్ది పెట్టడం ఆయన పని. చేతులు కట్టుకుని పాపనే చూస్తున్నాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

పాపను తీసుకెళ్ళడానికొచ్చిన తల్లికి ఒళ్ళు మండిపోయింది.

“అదేంటి తాతా, పిల్ల ఏడుస్తుంటే గుడ్లప్పగించి చూస్తారేం?”

“వచ్చేస్తుందమ్మా, ఒక్క నిమిషం...”

“మీ నిమిషాలకో దండం!”

చటుక్కున వంగి తనే పెట్టేసింది.

ఆ మహాతల్లికి పాపంటే ప్రాణం. అన్నం తినిపించేదీ, బొత్తాలు పెట్టేదీ, చివరికి ముక్కు తుడిచేదీ తనే. వచ్చే నెల పాప పెద్దబడికెళ్ళాలి. అక్కడ ఇవన్నీ ఎవరు చేస్తారు? అదే ఆమె దిగులు.

ఆమెకున్న ధైర్యమల్లా పాప సంచిలో ఇంటికొచ్చే పుస్తకం. రోజూ అందులో గుండ్రటి అక్షరాలతో ఓ ముక్క ఉండేది.

‘ఈరోజు పాప తన గ్లాసు తనే కడిగింది. ఇంట్లోనూ కడగనివ్వండి. నీళ్ళు ఒలికితే ఒలకనీ.’

తల్లి అలాగే చేసి, కింద జవాబు రాసేది. టీచరంటే ఇలా ఉండాలి అని మురిసిపోయేది.

ఆ సాయంత్రం మాత్రం కోపంగా రాసింది.

‘టీచర్‌గారూ, మీరింత శ్రమ పడుతుంటే ఆ చెప్పుల తాత చేతులు కట్టుకుని కూర్చుంటున్నాడు. ఆయన్ని మార్చేయండి.’

మర్నాడు జవాబొచ్చింది.

‘అలాగేనమ్మా. ఇక ఆయన కనబడడు. ఒక్క మాట. బక్కిలు మీద చెయ్యి వేసేముందు మనసులో వంద లెక్కపెట్టండి.’

ఆ సాయంత్రమే ఇంట్లో పాపకు బూట్లిచ్చి, తల్లి చేతులు కట్టుకుని లెక్క మొదలుపెట్టింది. నలభై దగ్గర పాప ముక్కు ఎగబీల్చింది. తల్లి ప్రాణం విలవిల్లాడింది. అయినా కదల్లేదు.

డెబ్భై ఆరు దగ్గర బక్కిలు టక్కుమంది.

“అమ్మా! నేనే పెట్టేసుకున్నా!”

తల్లి పాపను వాటేసుకుని ఏడ్చేసింది.

పొద్దున్నే పుస్తకం పట్టుకుని బడికి పరుగెత్తింది. గుమ్మంలో బల్ల ఖాళీగా ఉంది. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

“టీచర్‌గారూ, మీ చేతికి దండం పెట్టాలండీ! వంద లెక్కపెట్టమని రాశారు చూడండి...”

టీచర్ పుస్తకం తీసుకుని చివరి పేజీ చదివింది. ముఖం వాడిపోయింది.

“ఇదా సంగతి! నిన్న సాయంత్రం తాతగారు, ఇక రానమ్మా అని వెళ్ళిపోయారు. ఎంతడిగినా కారణం చెప్పలేదు.”

“దానికీ ఈ పుస్తకానికీ ఏంటండీ సంబంధం?”

“నాకు ఇరవైమంది పిల్లలు. ఎవరు ఎక్కడ తడబడుతున్నారో కూర్చుని చూసి, మొదటి పేజీనుంచీ ఇది రాసిందీ, మీరు రాసింది చదివిందీ ఆయనేనండీ.”