క్లిప్పు వెయ్యని చెయ్యి

"ఇవి చేతులా, రోకళ్ళా?"

కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది పెద్ద డాక్టరమ్మ. పక్కన చిన్న డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆసుపత్రిలో అందరూ వాళ్ళను అలాగే పిలుస్తారు. ఇంట్లో తల్లీకూతుళ్ళు. ఇద్దరూ సర్జన్లే.

మధ్యాహ్నం ఓపీ అయిపోయింది. ఆఖరి పేషెంటు పడుకుని లేచిన బల్ల మీద కాగితం దుప్పటి ఇంకా నలిగే ఉంది. కూతురు తలుపు గడియ పెట్టి, ఒక ఆపరేషన్ వీడియో పెట్టింది. పిత్తాశయంలో రాళ్ళు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, కెమెరా లోపలికి దించి చేసే ఆపరేషన్. ఆ కెమెరాకు పొట్ట లోపల తిరిగే పనిముట్ల కొనలు కనిపిస్తాయి. వాటిని పట్టుకున్న మనిషి కనిపించదు.

"ఎవరని అడక్కమ్మా. రేపు పొద్దున ఒక పదేళ్ళ పిల్ల ఇవే చేతుల కింద పడుకోబోతోంది. ఈ సర్జన్‌ని ఆపెయ్యాలా, ఇంకో అవకాశం ఇవ్వచ్చా? నువ్వేం చెబితే అది చేస్తాను."

"ఎవరో అడగాలా? చూస్తే తెలీదూ?" తల్లి కూతుర్ని ఎగాదిగా చూసింది.

తెర మీద పటకారు ఒక పొరను పట్టుకుంది, వదిలేసింది, మళ్ళీ అదే చోట పట్టుకుంది.

"గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎలా తిరుగుతోందో చూడు. దారి తెలీనప్పుడు ఆగాలి. ఈ మహాతల్లికి ఆగడం కూడా రాదు."

"కెమెరాకి కొంచెం ఆవిరి పట్టిందమ్మా, అందుకని..."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!"

అంతలో కత్తెర రక్తనాళాన్ని కోసేసింది. తెరంతా ఎర్రబడింది.

పెద్ద డాక్టరమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "క్లిప్పేదీ? క్లిప్పు వెయ్యకుండా కోసేస్తారా? రెండు వైపులా బిగించి మధ్యలో కొయ్యాలని, మొన్న చేరిన హౌస్‌సర్జన్‌కి కూడా తెలుసే!"

"వేసేశాననుకోవడం వల్లమ్మా."

"అనుకోవడమా? తిన్నాననుకుంటే కడుపు నిండుతుందా?"

పక్కనుంచి ఇంకో పనిముట్టు వచ్చి, తెగిన కొసను ఒడిసి పట్టుకుంది. ఎరుపు మెల్లగా పలచబడింది.

"అదీ చెయ్యంటే! ఎవరో గానీ నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే. పేషెంటు ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఇవాళ లేచి నడిచింది."

"ఎప్పటిది ఇది?"

"సోమవారంది."

"సోమవారం నేనెక్కడ చచ్చాను?"

"ఇక్కడే ఉన్నావమ్మా."

"ఓపీలో ఉండుంటాను. థియేటర్లో ఉంటే ఇలా కానిచ్చేదాన్నా?"

కూతురు తల వంచుకుంది. తల్లికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"నువ్వేగా? చెప్పక్కర్లేదులే, నీ మొహమే చెబుతోంది. నిన్ను కన్నానని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది."

"ఇన్నేళ్ళు ప్రాణంగా చేసుకున్న పనమ్మా. ఒక్కసారిగా మానెయ్యమంటే..."

"నీ ప్రాణం కోసం ఎవరి పిల్లో ప్రాణం పోగొట్టుకోవాలా?"

"ఎవరైనా మెల్లగా నచ్చజెబితే..."

"ఎవరు చెబుతారే? బయటివాళ్ళు చాటున చెవులు కొరుక్కుంటారు, మొహం మీద అనరు. ఇంట్లోవాళ్ళే చెప్పాలి. నేను చెబుతున్నాను. ఇక కత్తి ముట్టుకోవడానికి వీల్లేదు. థియేటర్‌కి ఫోన్ చేసి రేపటివన్నీ ఆపించు. ఇప్పుడే."

"ఆలోచించే చెబుతున్నావా అమ్మా?"

"ఛీ! ఇంకా బేరాలా? ముందు నా కళ్ళ ముందునుంచి పో."

పెద్ద డాక్టరమ్మ సింకు దగ్గరికి వెళ్ళి, మోచేత్తో కుళాయి తిప్పి, చేతులు రుద్ది రుద్ది కడుక్కోవడం మొదలుపెట్టింది. చూసిందంతా ఒంటికి అంటుకున్నట్టు.

కూతురు వరండాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. థియేటర్ నర్సు ఫోనెత్తేదాకా గోడకి ఆనుకుని నిలబడింది.

"సిస్టర్, రేపట్నుంచి అమ్మకి ఆపరేషన్లు పెట్టకండి, సోమవారంది తనే చేసిందన్న సంగతి కూడా ఆవిడకి గుర్తు లేదు."