పదకొండు ముడులు

“ఎద్దులు శేనికి పోతాయి గానీ వేంపల్లెకు పోవు!” కాడి మీద చెయ్యి వేసి కంబన్న తెగేసి చెప్పాడు.

పొద్దున మొదలైన గొడవ. సంగటి ఉడికి దిగినా అది మాత్రం చల్లారలేదు.

“వేంపల్లెలో బస్సు దాకా దింపితే చాలు. ఆణ్ణించి కడపకు నేనే పోతా,” అంది సిద్దమ్మ గడపలోంచి.

“పోతావు! పన్నెండూళ్లకు కాన్పులు చేసే గురమ్మ కోడలు ఆసుపత్రికి పోయిందంటే, రేపట్నుంచి మాయమ్మను పిలిచేదెవరు?”

సిద్దమ్మకు ఎనిమిదో నెల నిండింది. కాళ్లు వాచి, కడియాలు తీసి వారమైంది. రెండు రోజులుగా తలనొప్పి, కళ్ల ముందు మిణుగురులు. మొన్న నర్సు కృపమణి వచ్చి పిక్క మీద వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడలేదు. “ఇంట్లో కాన్పు వద్దు. కడప పెద్దాసుపత్రిలో చేర్చండి. ఆలస్యమైతే తల్లి దక్కదు,” అని మొహం మీదే చెప్పిపోయింది.

ఆ కృపమణి అంటే ఊరికి అలుసు. ఈ ఊళ్లో కాన్పుల కేంద్రం పెట్టాలని అప్పటి రాజధాని కర్నూలుకు అర్జీ రాసి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల వేలిముద్రలు అడుగుతోంది. ఒకాయన ఆమె మీదికి కుక్కను కూడా ఉసిగొల్పాడు. గురమ్మ మాత్రం ఆ కాగితాన్ని చాలాసేపు చూసి తిరిగిచ్చేసింది. ఆమె వెయ్యలేదని తక్కిన ఆడవాళ్లూ చేతులు వెనక్కి తీసుకున్నారు.

“వేలిముద్రలేస్తే పిల్లోళ్లు పుడతారా?” శెనక్కాయలు వొలుస్తూ నవ్వాడు మామ ఓబులేసు. “నర్సమ్మను వచ్చి మా దాని తాడు చూసిపొమ్మను.”

తాడు అంటే గురమ్మ కాన్పులకు తీసుకుపోయే తాడు. దూలానికి కడితే, నొప్పులు పడే మనిషి దాన్ని పట్టుకుంటుంది. దానికి పదకొండు ముడులు. ఒక్కో ముడి గురమ్మ దాటించిన ఒక్కో గండమని ఊరంతా చెప్పుకుంటుంది. కడుపుతో ఉన్నవాళ్లు వచ్చి దాన్ని కళ్లకద్దుకుపోతారు.

ముడి పడిన రోజు గురమ్మ తీరే వేరు. ఏ పొరుగూరి నుంచో వట్టి చేతులతో వస్తుంది. మంత్రసానికి ఇచ్చే చేటెడు కొర్రలు కూడా ఉండవు. నెత్తిన నీళ్లు పోసుకుని, ముడి వేసి, సంగటి ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకుంటుంది. “అంత గండం దాటించి ఏమీ తెచ్చుకోదు, ధర్మాత్మురాలు,” అంటాడు ఓబులేసు, సగం గొప్పగా, సగం దిగులుగా.

సిద్దమ్మ కూడా ఈ నెలంతా ఆ తాడును కళ్లకద్దుకుంది. కానీ కాలి మీది గుంట కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

“అత్తా, నువ్వన్నా చెప్పత్తా. నాకు శానా బయంగా ఉండాది.”

గురమ్మ వచ్చి కోడలి ముందు కూర్చుంది. పిక్క మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. చూస్తూ కూర్చుంది. గుంట పూడలేదు. లేచి, కొంగు నెత్తిన వేసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.

“చూసినావా? మాయమ్మకు కోపమొచ్చింది. ఇంక గమ్మునుండు!” అన్నాడు కంబన్న. సిద్దమ్మ ఏడుపు మింగి చాప మీద ఒరిగింది.

పొద్దు వాలేటప్పటికి గురమ్మ తిరిగొచ్చింది. బొటనవేలు నిండా సిరా. చిలక్కొయ్య మీది తాడు తీసుకుని నట్టింట్లో కూర్చుంది. అందరినీ పిలిచింది.

“కంబన్నా, తెల్లారేటప్పటికి బండి కట్టు. కాన్పు కడపలోనే. నేనూ పోతాండా, కృపమణి తోడొస్తాది.”

ఓబులేసు చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. “అర్జీకి వేలేసినావా?”

“ఏసినా. ఇంగా ఇరవైమందితో ఏయించినా.”

“ఊరేమనుకుంటాదమ్మా?” అన్నాడు కంబన్న. “పదకొండు గండాలు దాటించినావు. సొంత కోడలికి నీ చెయ్యి చాలదా?”

గురమ్మ మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా నిదానంగా వేళ్లతో తడిమింది. తాడును కొడుకు చేతిలో పెట్టింది.

“గండాలని ఊరు అనింది. నేననలేదు.”

కోడలి వాచిన పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, తల ఎత్తకుండా అంది.

“ఆ పదకొండు మందీ నా చేతుల్లోనే పోయినారు నాయనా.”